నదిలో పడవ, నాయనమ్మ పళ్ళు

జూన్ 3

నాన్నా,

నువ్వు ట్రైనింగు హాస్టలుకు చేరావని వార్డెను ఫోను చేసి చెప్పాడు. ఫోనులో నువ్వు రెండుసార్లు "సరే సరే" అని పెట్టేస్తావు. నాకేమో ఫోను పట్టుకుంటే చెప్పాలనుకున్నది చెప్పడం రాదు. అందుకే ఉత్తరం. ఇందులో నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు.

బాయిలర్ సర్టిఫికెట్టు నోటి పరీక్షలో రెండుసార్లు తప్పావు. ముప్ఫయ్యో తారీఖున మూడోది, ఆఖరిది. ఇదీ పోతే నిన్ను బాయిలర్ గదిలోంచి లోడింగ్ యార్డుకు మారుస్తామని అట్టల మిల్లువాళ్ళు కాగితం ఇచ్చారు. ఆ మోకాలితో నువ్వు అట్టల కట్టలు మోయలేవు. ఈ మాట నీకు తెలుసు, నాకు తెలుసు, అమ్మకు తెలుసు. ఇంట్లో ఎవరమూ పైకి అనడం లేదు.

నీకు పని రాక కాదు. ఇరవయ్యారేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ బాయిలర్ వెలిగిస్తున్నావు. వరస నోటితో చెప్పమంటేనే తడబడుతున్నావు. దానికి మా స్కూల్లో భూగోళం సిస్టరు నేర్పిన కిటుకు ఒకటుంది. వరసలో ఉన్న ఒక్కో మాటకీ మొదటి అక్షరం తీసుకోవాలి. ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలతో ఒక వాక్యం కట్టుకోవాలి. గుణింతం మారినా ఫరవాలేదు, హల్లు సరిపోతే చాలు. వాక్యం గుర్తుంటే వరస దానంతటదే వస్తుంది. నేను గ్రహాలూ ఖండాలూ అలాగే చదివాను, ఇంతవరకు మరచిపోలేదు.

నీ పుస్తకంలోని వరస ఇది: నీళ్ళు, పంపు, గాలిమూత, డ్యాంపరు, ఫ్యాను, మంట, ఆవిరి. అంటే న, ప, గ, డ, ఫ, మ, ఆ. నిన్న లైబ్రరీలో పాత పుస్తకాలకు అట్టలు వేస్తూ సాయంత్రం దాకా ఆలోచించాను. ఫ తోనే చిక్కు వచ్చింది. మన భాషలో ఆ అక్షరానికి చుట్టాలు తక్కువ. చివరికి ఇది కుదిరింది:

నదిలో పడవ గాలికి డోలాయమానమై ఫలానా మలుపులో ఆగింది.

రోజుకు పదిసార్లు అనుకో. ఒక్క మాట కూడా మార్చకు.

నాయనమ్మ కులాసా. అమ్మ నీ మోకాలి నూనె సంచి అడుగున పెట్టిందట, వెతుక్కోమంది.

నీ కూతురు

* * *

జూన్ 8

తల్లీ,

ఉత్తరం అందింది. నూనె దొరికింది. మూత సరిగా పెట్టలేదు మీ అమ్మ, రెండు బనీన్లకు పట్టింది.

నీ పడవ సంగతి చెప్తాను విను. మొదటిది, డోలాయమానం అంటే ఏమిటో నాకు తెలీదు. నా గదిలో ఉన్నతన్ని అడిగాను. అతను డిగ్రీ చదివినవాడు, పుస్తకం మూసి మొత్తం అప్పజెప్తాడు, అందరం టేపురికార్డరు అంటాం. ఊగడం అని చెప్పాడు. మరి ఊగి అని రాయొచ్చు కదా. రెండోది, ఫలానా మలుపు అంటే ఏ మలుపు? పడవ ఎక్కడ ఆగిందో చెప్పేవాడికే తెలీకపోతే వినేవాడికి ఎలా గుర్తుంటుంది? ఇది రాత్రీ పగలూ నన్ను తినేసింది.

శుక్రవారం క్లాసులో మాస్టారు లేపారు. ఆయనకు ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో, నన్ను "పెద్దాయనా" అంటాడు. నీ వాక్యం తలుచుకున్నాను. ఏట్లో నావ గాలికి ఊగి మలుపులో ఆగింది అని వచ్చింది. మొదటి అక్షరం ఏ. ఏ తో బాయిలర్లో ఏముంది? ఏమీ లేదు. ఊ అంటే ఏమిటని నన్ను నేనే అడుక్కుని, ఊదడం అన్నాను. క్లాసంతా నవ్వారు. తర్వాత ఎలాగో నీళ్ళు, పంపు, గాలిమూత, డ్యాంపరు దాకా లాక్కొచ్చి, మంట, ఫ్యాను, ఆవిరి అన్నాను. "ఫ్యాను ముందు, మంట తర్వాత, పెద్దాయనా. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు.

నాకు కథ గుర్తుంటుంది, మాటలు గుర్తుండవు. చిన్నప్పుడు నీకు రాత్రిపూట చెప్పిన కథ మర్నాడు వేరే మాటలతో చెప్తే నువ్వు ఏడ్చేదానివి. అప్పుడూ నీదే పట్టు.

ఇంకేదైనా ఇంటి సంగతితో కట్టి పంపు. నదులూ పడవలూ వద్దు.

మీ నాన్న

* * *

జూన్ 11

నాన్నా,

డోలాయమానం నా తప్పే. ఒప్పుకున్నాను. కానీ "నదిలో పడవ" అన్నదాన్ని "ఏట్లో నావ" చేయడం నా తప్పు కాదు. ఈ కిటుకులో అర్థంతో పని లేదు. మాట మేకులాంటిది, దానికి వరస తగిలించుకుంటాం. మేకు అందంగా ఉందా, నిజంగా ఉందా అని ఎవరూ చూడరు. నువ్వు మేకు పీకేసి అలాంటిదే ఇంకొకటి పక్కన కొడుతున్నావు. చొక్కా కింద పడకుండా ఎలా ఉంటుంది?

ఇంటి సంగతి కావాలన్నావు కాబట్టి ఇదిగో:

నాయనమ్మ పళ్ళు గాజు డబ్బాలో ఫెళ్ళున మోగి ఆగాయి.

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. నాయనమ్మ కట్టుడుపళ్ళ డబ్బా నువ్వు రోజూ చూసేదే. దయచేసి దాన్ని ముసలమ్మ దంతాలు చేయకు.

నిన్న లైబ్రరీ ముందు స్టాండులో సైకిలు పెడుతుంటే, టోకెన్లిచ్చే తొందర మామయ్య నీ పరీక్ష ఎప్పుడని అడిగాడు. ముప్ఫయ్యో తారీఖు అన్నాను. ఎప్పటిలాగే నా సైకిలు నీడలోకి జరిపాడు. ఎడమ చేతికి ఆ గుడ్డ తొడుగు ఈ ఎండలో కూడా తీయడు. ఇంట్లో ఈ సంగతి చెప్తే అమ్మ, "వాడి పరీక్షలు వాడు చూసుకుంటే చాలు" అని గిన్నెలు గట్టిగా పెట్టింది. సొంత తమ్ముడు మన గడప తొక్కి పదకొండేళ్ళయింది. అమ్మకింకా కోపం పోలేదు.

నీ కూతురు

* * *

జూన్ 15

అమ్మా తల్లీ,

మీ నాయనమ్మ పళ్ళు ఎలా పగిలాయి? ఎప్పుడు పగిలాయి? ఏం తింటోంది?

పైన రాసింది మొన్న. కొట్టేయకుండా అలాగే ఉంచాను, నువ్వు చూడాలని. నీ ఉత్తరం క్లాసుకు పోతూ పోతూ మెట్ల మీద చదివాను. మధ్యలో ఆ ఒక్క లైను కనపడింది. ఇంకేముంది, క్లాసు మానేసి వార్డెను గది ముందు ఫోను కోసం నిలబడ్డాను. నా ముందు పదకొండు మంది. నా వంతు వచ్చేసరికి మన పక్కింటావిడకు ఫోను చేసి, మా అమ్మను పిలవమన్నాను. మా అమ్మ వచ్చి, పళ్ళు నోట్లోనే ఉన్నాయిరా, నీకేమైంది, అంది. ఆవిడ పళ్ళతోనే ఆ మాట అందని తెలుస్తూనే ఉంది.

ఈలోగా క్లాసులో చిన్న పరీక్ష పెట్టేశారు. ఇరవై మార్కులు. నాకు సున్నా. ఎందుకు రాలేదని మాస్టారు అడిగితే మా అమ్మ పళ్ళు అని మొదలుపెట్టి ఆపేశాను. ఏం చెప్పను?

ఎప్పుడూ జరగనిది జరిగినట్టు రాస్తే నా బుర్రలో నిలవదు. నిన్న మళ్ళీ లేపారు. పళ్ళు పగల్లేదు కదా అన్నది ఒక్కటే గుర్తుంది. మళ్ళీ మంట ముందు వచ్చింది, ఫ్యాను తర్వాత వచ్చింది. మాస్టారు సుద్దముక్క బల్ల మీద పడేసి కిటికీ దగ్గరకు పోయాడు.

నేను ఏడో తరగతి చదివాను. నువ్వు సిస్టర్ల దగ్గర చదివావు. నీ చదువు గొప్పదే, కాదనను. అది నీ దగ్గరే ఉంచుకో. ఇక వాక్యాలు పంపొద్దు.

మీ నాన్న

* * *

జూన్ 18

నాన్నకు,

పంపను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. అంతా బాగానే ఉంది, చదువుతున్నాడట అన్నాను. మా సిస్టర్లు అబద్ధం ఆడకూడదని పన్నెండేళ్ళు నేర్పారు, అది కూడా నా దగ్గరే ఉంచుకున్నాను.

ఒక రోజంతా కోపంగా ఉన్నాను. కోపంలో పుస్తకాలు తప్పు అరల్లో సర్దాను. అవి మళ్ళీ సర్దడానికి ఒక పూట పట్టింది. ఆ పనిలో ఉండగా నీ ఉత్తరాలు రెండూ మనసులో పక్కపక్కన పెట్టి చూశాను. పడవ వాక్యంలో తప్పావు. పళ్ళ వాక్యంలో తప్పావు. కిందటి రెండు పరీక్షల్లోనూ తప్పావు. మరచిపోయేవాడు ఒకసారి పంపు మరచిపోవాలి, ఒకసారి డ్యాంపరు మరచిపోవాలి. నువ్వు ప్రతిసారీ ఒకే చోట, ఒకే రెండింటిని తారుమారు చేస్తున్నావు. ఇది మరపు కాదు నాన్నా. ఇంకేదో.

నిన్న మామయ్య మళ్ళీ అడిగాడు, మీ నాన్న కిందటిసారి ఎక్కడ తప్పాడమ్మా అని. ఫ్యానూ మంటా దగ్గర అన్నాను. "అక్కడేనా" అన్నాడు. సైకిలు సీటు తుడవడం మొదలుపెట్టాడు.

వాక్యం పంపను గానీ ఒకటి అడుగుతాను. నువ్వు రోజూ పొద్దున మిల్లులో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఆవిరి వదిలేదాకా ఏం చేస్తావో, చేసింది చేసినట్టు రాసి పంపు. పుస్తకం చూడకు. ఎవరికో చెప్తున్నట్టు రాయి.

ఇట్లు

* * *

జూన్ 21

తల్లీ,

"ఇట్లు" అని రాసి కింద ఏమీ రాయలేదు. కోపం అర్థమైంది. పోయినసారి నేను రాసింది నాకే బాగోలేదు, కానీ అప్పటికే పోస్టులో వేసేశాను.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇందులో నాకు తడబాటు లేదు.

ఆరింటికి తాళం తీస్తాను. లైటు వేయను, తలుపులోంచి వచ్చే వెలుతురు చాలు. ముందు గాజుగొట్టంలో నీళ్ళ మట్టం చూస్తాను. వేలితో గాజు మీద రెండుసార్లు కొడతాను, అది అలవాటు. తర్వాత పంపు మీద చెయ్యి పెట్టి, వేసి, అదురు చూసుకుంటాను. నిచ్చెనెక్కి పైన గాలిమూత తిప్పి వదులుతాను. ఎక్కేటప్పుడు ఫరవాలేదు, దిగేటప్పుడే మోకాలు పట్టేస్తుంది. దిగి, గొలుసు లాగి పొగగొట్టంలో డ్యాంపరు పలక తెరుస్తాను. కాగడా నూనెలో ముంచి, అంటించి, పొయ్యి కంతలో పెట్టి నూనె వదులుతాను. అంటుకోగానే ఫ్యాను వేస్తాను. కొన్నిసార్లు మొదటిసారి అంటుకోదు, రెండోసారి పెట్టాలి. అప్పుడు అది ఒక్కసారి "డబ్" అని తుమ్ముతుంది. కనుబొమ్మలు చూసుకోవాలి, పక్కకు నిలబడాలి. నీ చిన్నప్పుడు నేను కనుబొమ్మలు కాలి ఇంటికొస్తే బాయిలర్ తుమ్మింది అని నిన్ను నవ్వించేవాణ్ణి. తర్వాత ఆవిరి.

నాకు పని నేర్పిన మేస్త్రీ ఇలాగే నేర్పాడు. ఫ్యాను ముందు పెడితే కాగడా ఆరిపోతుంది, టైము దండగ అనేవాడు.

ఇప్పుడు చెప్పు, ఇందులో ఏది తప్పు? ఇరవయ్యారేళ్ళు అట్టలు తయారవలేదా?

మీ నాన్న

* * *

జూన్ 24

నాన్నా,

మా లైబ్రరీలో నీ పుస్తకంలాంటిదే ఇంకొకటి ఉంది. ఎవరూ చదవనందువల్ల కాగితాలు ఇంకా అంటుకునే ఉన్నాయి. బ్లేడుతో విడదీసి చదివాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మంట పెట్టుటకు ముందు ఫ్యానును ఐదు నిమిషములు నడిపి, పొయ్యిలో నిలిచియున్న నూనె ఆవిరిని పూర్తిగా బయటకు తోలవలెను. మొదటి ప్రయత్నములో మంట అంటుకొననిచో మరల ఐదు నిమిషములు ఫ్యాను నడపనిదే రెండవ ప్రయత్నము చేయరాదు. చేసినచో మంట వెనుకకు విరజిమ్మి, ఎదురుగా నిలిచినవారికి ప్రమాదము."

బాయిలర్లు తుమ్మవు నాన్నా.

నేను వాక్యం మీద వాక్యం కట్టి పంపాను. నీకు కిటుకు రావడం లేదని విసుక్కున్నాను. నువ్వు ఎప్పుడూ చేయని పని నీ నోట్లోకి ఎలా వస్తుంది? ఫ దగ్గరకు రాగానే నీ చేతులు నా వాక్యాన్ని ఆపేస్తున్నాయి. ఇది నేను మొదటే అడగాల్సింది.

ఇంకొకటి అడగాలి. అడగకుండా ఉండాలని మూడు కాగితాలు చింపేశాను. మామయ్య చెయ్యి కాలిన రోజు బాయిలర్ తుమ్మిందని ఇంట్లో అనుకునేవారు. వాడు తొందరపడి కంత ముందుకు వంగాడు అని నువ్వు చెప్పావు. మేమంతా అదే నమ్మాం. తొందర అన్న పేరు నువ్వే పెట్టావు.

ఆ రోజు మొదటిసారి అంటుకుందా?

నీ కూతురు

* * *

జూన్ 30

తల్లీ,

నీ ఉత్తరం ఇరవై ఏడున అందింది. పరీక్షకు మూడు రోజుల ముందు. ముందు నీ మీదే కోపం వచ్చింది. చదువుకోమని పంపి, చదువుకునేవాడికి ఎవరైనా ఇలాంటివి రాస్తారా అనుకున్నాను. భోజనానికి పోలేదు. టేపురికార్డరు పళ్ళెంలో పెట్టి తెచ్చాడు, అది అలాగే చల్లారింది.

అంటుకోలేదు. మొదటిసారి అంటుకోలేదు.

చలికాలం. నూనె చిక్కగా ఉంది. అప్పటికే అరగంట ఆలస్యం, లోపల మిషన్లవాళ్ళు ఆవిరి ఏదని కేకలు వేస్తున్నారు. మీ మామయ్య నాకు సాయంగా చేరి రెండు నెలలయింది. అంతకు ముందు వాడు వేరే మిల్లులో చేశాడు. అక్కడ ఫ్యాను ముందు వేసేవారనుకుంటాను. వాడు అన్నాడు, "బావా, ఒక్క ఐదు నిమిషాలు ఫ్యాను వేద్దాం" అని. నేను, "నీ సలహాలు తర్వాత, టైమవుతోంది" అన్నాను. కాగడా నేను పట్టుకున్నాను. వాడు నూనె సరిగా వస్తోందా అని కంతలోకి చూస్తున్నాడు. చూడమని చెప్పింది నేనే.

తర్వాత మేనేజరు ఇద్దరినీ నిలబెట్టి అడిగితే, వాడు చేతికి గుడ్డ చుట్టుకునే, నేనే తొందరపడి వంగానండి అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నిజమే అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉండింది. రాను రాను ఫ్యాను మాట వాడు అన్నాడా అనలేదా అన్నది కూడా గుర్తులేకుండా పోయింది. నా బుర్రలో మాటలు నిలవవని నీకు రాశాను కదా. ఆ ఒక్క మాట మాత్రం నేనే నిలవనివ్వలేదేమో.

ఆ రాత్రి నీ అక్షరాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. న ప గ డ ఫ మ ఆ. వాక్యాలు పంపొద్దన్నాను కాబట్టి నేనే కట్టుకున్నాను. ఎక్కువసేపు పట్టలేదు.

నీ పక్కన గాయపడి డీలాపడినా ఫిర్యాదు మానుకున్నాడు ఆప్తుడు.

రాసి చూసుకుంటే ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. ఇది జరిగింది కాబట్టి అనుకుంటాను.

పరీక్షలో పెద్ద ఆఫీసరు వరస అడిగాడు. చెప్పాను. ఫ్యాను ముందు ఎందుకు అని అడిగాడు. మొదట పుస్తకంలో ఉన్నది చెప్పబోయాను. నోరు తిరగలేదు. మా బావమరిది చెయ్యి కాల్చానండి, అందుకు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. ఎప్పుడు అన్నాడు. పదకొండేళ్ళయింది అన్నాను. కాగితం మీద ఏదో రాసుకుని, పోవచ్చు అన్నాడు. సాయంత్రం బోర్డు మీద నా నెంబరు ఉంది. పాసయ్యాను. టేపురికార్డరు నన్ను ఎత్తి తిప్పుతానన్నాడు, మోకాలు నొప్పి అని చెప్పి తప్పించుకున్నాను.

నాలుగో తారీఖున పొద్దున బస్సుకు వస్తాను. ఈలోగా నాకొక సాయం చేయి. మీ మామయ్యకు ఒక ఉత్తరం రాయాలి. నేను మొదలుపెడితే "ఎలా ఉన్నావు" దగ్గరే ఆగిపోతోంది. నువ్వు మంచి మాటలు రాయగలవు. నువ్వు రాసి నా పేరు పెట్టి ఇచ్చేయి. వాడు నీ సైకిలు దగ్గరే ఉంటాడు కదా.

మీ అమ్మకు నేను వచ్చి చెప్తాను.

మీ నాన్న

* * *

జూలై 2

నాన్నా,

ఇది నీకు మూడో తారీఖున అందకపోతే వార్డెనుకు ఫోను చేసి, నిన్ను పిలిపించి చదివి వినిపిస్తాను. ఫోనులో మాట్లాడలేనని తెలుసు. నా దగ్గరున్న నకలు చూసి చదవడమే కాబట్టి చదవగలను.

పాసయ్యావని అమ్మకు చెప్పాను. నాయనమ్మ పళ్ళు తీసి డబ్బాలో పెట్టి మరీ నవ్వింది. అమ్మ మాత్రం వెంటనే నవ్వలేదు. కుర్చీలో కూర్చుని, ఇక కట్టలు మోయక్కర్లేదు కదా అని నన్నే రెండుసార్లు అడిగింది. మిగతాది చెప్పలేదు. అది నీ వంతు.

మామయ్యకు నేను ఉత్తరం రాయను. డోలాయమానం లాంటిదేదో దొర్లుతుంది, నువ్వు రాసినట్టు ఉండదు. పైగా ఆయనకు తెలియనిది అందులో ఏముంటుంది? నువ్వు ఎక్కడ తప్పావో నేను చెప్పిన రోజే ఆయనకు అర్థమైంది. పదకొండేళ్ళుగా మనం ఏ పేరుతో పిలుస్తున్నామో విని కూడా నా సైకిలు నీడలోకి జరుపుతూనే ఉన్నాడు. నేనూ ఆ పేరుతోనే పిలిచాను. నిన్న సాయంత్రం టోకెను తిరిగి ఇస్తూ ఉత్త "మామయ్యా" అన్నాను. ఆయన టోకెను చూసుకున్నాడు, నన్ను చూడలేదు.

నాలుగున బస్సు దిగి ఇంటికి రాకు. సంచితోనే సైకిలు స్టాండుకు వెళ్ళు. పది దాటితే జనం ఎక్కువవుతారు, ముందే వెళ్ళు. మాటలు దొరక్కపోతే ఎలా అని భయపడకు. నువ్వు కట్టిన వాక్యం ఉంది కదా, అదే చెప్పు. "నీ పక్కన" అన్నచోట "నా పక్కన" అను. మొదటి ఉత్తరంలోనే చెప్పాను, గుణింతం మారినా ఫరవాలేదు.

మిగతా మాటలు మార్చకు.

నీ కూతురు